నాయనమ్మ పడుకుంది నాన్నా

మా చిన్నప్పుడు... అంటే నాకు తొమ్మిదేళ్లప్పుడు, అమ్మా నాన్నా స్పెయిన్‌కి ప్రయాణమయ్యారు. మాది మలేషియాలో సుంగై సుమున్ అనే చిన్న ఊరు. మా వీధి నుంచి అంత దూరం వెళ్లినవాళ్లు ఎవరూ లేరు. వీధి వీధంతా వచ్చి కారెక్కించింది.

చూసేవాళ్లకి పండగలా ఉంది కానీ, పండగ కాదు. అక్కడ చదువుతున్న మా అన్నయ్య రెండు నెలలుగా గదిలోంచి బయటికి రావడం లేదు. తిండి మానేశాడు. "నాకు బతకాలని లేదమ్మా" అని ఫోన్‌లో అన్నాడు... ఆ మాటతోనే వీళ్లు బయలుదేరారు.

అప్పటికే నాయనమ్మకి ఒంట్లో బాగోలేదు. నాన్న వెనకాముందూ ఆడుతుంటే ఆవిడే కసిరింది. నిమ్మకాయ ఊరగాయ సీసా మూత బిగించి నాన్న చేతిలో పెట్టింది. నాన్న మంచం పక్కన కూర్చుని, "పదిహేను రోజుల్లో వచ్చేత్తాను. నాకోసం ఉండాలమ్మా" అన్నాడు. ఆవిడ తలూపింది.

కారు వీధి మలుపు తిరగగానే చిన్నాన్నని పిలిచి చేతిలో చెయ్యి వేయించుకుంది. "నాకేటయినా అయితే ఆళ్లకి కబురెట్టొద్దు. ముందు పిల్లోడు మనిషవ్వాల."

నాలుగో రోజు తెల్లవారేసరికి నాయనమ్మ లేదు...

మర్నాడే దహనం. కొరివి పెట్టాల్సింది పెద్దకొడుకు, అంటే మా నాన్న. చిన్నాన్న తలా మీసమూ తీయించుకుని తనే పెట్టాడు. వీధిలో పెద్దవాళ్లు గొడవపడ్డారు, తల్లి ముఖం కొడుక్కి చూపించకుండా ఎలా అని. చిన్నాన్న ఒకటే మాట... "సెప్తే పిల్లోడ్ని వదిలేసి పరిగెత్తుకొస్తాడు. ఆ తర్వాత పిల్లోడికేటయినా అయితే ఎవుడు బాధ్యత?"

ఆ మధ్యాహ్నం నాన్న వీడియో కాల్ చేశాడు. అక్కడ అప్పుడే పొద్దున. చిన్నాన్న గుండుతో ఫోన్ ముందుకి రాలేడు కదా... నన్ను వంటింటి గోడకి ఆనించి కూర్చోబెట్టాడు, నాయనమ్మ కోసం వెలిగించిన దీపం వెనక కనబడకుండా. "నాయనమ్మ ఏదని అడిగితే పడుకుందని సెప్పు" అన్నాడు.

నాన్న అడగనే అడిగాడు. "మా అమ్మకి ఫోనియ్యి తల్లీ."

"నాయనమ్మ పడుకుంది నాన్నా."

"ఈ యాలప్పుడా?"

"మందేసుకుంది. మగతగా ఉందంట."

ఆ మందు సంగతి నాకెవరూ నేర్పలేదు. నేనే కల్పించాను. అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు... నాది బాగానే అతికింది. చిన్నాన్న వీపు తట్టాడు. నిజం చెప్పాలంటే, నాకు గర్వంగా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రోజూ అదే మాట. పడుకుంది. ఇప్పుడే పడుకుంది. లేపొద్దంది.

ఒకరోజు నాన్న ఫోన్‌ని అన్నయ్య వైపు తిప్పాడు. బక్కచిక్కిపోయిన అన్నయ్య రొట్టెకి ఊరగాయ రాసుకుని తింటున్నాడు. నాన్న ముఖం వెలిగిపోతోంది. "సూడు, మా అమ్మ సేతి ఊరగాయతో నోరు తెరిసినాడు. లేచినాక ముందు ఈ మాట సెప్పు తల్లీ."

అలాగే నాన్నా అన్నాను...

పదిహేనో రోజు కౌలాలంపూర్ విమానాశ్రయానికి వెళ్లాం. చిన్నాన్న తలకి టోపీ పెట్టుకున్నాడు. ఇంటికి వెళ్లేదాకా మొక్కు అని నెట్టుకొద్దామని ఆయన ఉద్దేశం. అమ్మ అలాగే అనుకుంది కూడా. "ఏటి మరిదీ, మొక్కు తీర్సినావా?" అని నవ్వింది.

నాన్న నవ్వలేదు. టోపీ వైపు చూడలేదు. మీసం లేని ఆ పెదవి వైపు చూశాడు... చేతిలో సంచి కింద పెట్టేశాడు.

చిన్నాన్నని ఒక్క మాట అడగలేదు. నా దగ్గరికొచ్చి, నా ఎత్తుకి వంగి, చాలా మెల్లగా అన్నాడు. "రోజూ పడుకుందన్నావు కదే తల్లీ..."

అంతే.

అన్నయ్య కోలుకున్నాడు, చదువు పూర్తి చేశాడు, ఇప్పుడు ఇక్కడే ఈపో పట్నంలో ఉద్యోగం. ఆ పదిహేను రోజులు లేకపోతే పిల్లోడు దక్కేవాడు కాదని చిన్నాన్న ఇప్పటికీ అంటాడు. అయ్యుండొచ్చు.

నన్ను మాత్రం నాన్న ఏనాడూ తిట్టలేదు. కానీ ఆ తర్వాత ఇంట్లో ఎవరి గురించైనా "పడుకున్నారు" అని నేను చెబితే... తింటున్న కంచం ముందు నుంచైనా లేచి, ఆ గదిలోకి వెళ్లి చూసొచ్చేవాడు.

ఇప్పుడు చావు కబురు దాచడం ఎవరి తరమూ కాదు. డాక్టర్ గుమ్మం దాటకముందే కుటుంబం గ్రూపులో పడిపోతుంది. ఆ రోజుల్లో అలా ఉండుంటే ఎంత బాగుండేదో అనుకుంటాను, వెంటనే అన్నయ్య గుర్తొచ్చి ఆగిపోతాను...

మీ ఇంట్లో పెద్దవాళ్లు మీ నోటితో ఇలాంటి మాట ఏదైనా చెప్పించారా? ఉంటే ఇక్కడ రాయండి. ఎందుకడుగుతున్నానంటే, పోయిన వారం నాన్నకి ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది. "పడుకున్నాడమ్మా" అంది.

లేపమన్నాను.