బట్టమేక పిట్ట మెడ

రేకుపెట్టె మూత తెరిచీ తెరవగానే పుల్లటి వాసన ముక్కుకు కొట్టింది. ఫోటోలు కడిగే హైపో మందు వాసన అది. మా ఇంట్లో ఆ మందునీళ్ళు కలపడం మానేసి నలభై ఏళ్ళు దాటింది, కలిపిన మనిషీ లేడు, అయినా పెట్టె అడుగున అట్టల మధ్య ఆ వాసన మాత్రం కదలకుండా కూర్చుని ఉంది. నా ఎదురుగా మెడలో మూరెడు పొడుగు కెమెరా వేలాడేసుకున్న అమ్మాయి కూర్చుంది. పక్షుల మీద చదువు చదువుతోందట. ఈ మెట్టల్లో ఒకప్పుడు బట్టమేక పిట్టలు తిరిగేవని పెద్దవాళ్ళు చెప్పడమే గానీ ఒక్క ఆధారమూ దొరకలేదట, పాత స్టూడియో ఆయన కూతురు ఇంకా ఉందని ఎవరో చెబితే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "ఒక్క ఫోటో ఉన్నా చాలవ్వా," అంది. ఉంది. లేకపోతే బాగుండేది.

మా నాయనది మార్కాపురంలో ఫోటో స్టూడియో. కొత్త రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్ళ మాట ఇది, మా తాలూకా అప్పటికి కర్నూలు జిల్లాలోనే ఉంది. ఊళ్ళో సగం మంది బడిపిల్లల పలకలు కోసి, నునుపు చేసి, చట్రాలు బిగించి బతికేవాళ్ళు. వీధుల్లో ఎటు చూసినా నల్లటి పలక పొడి, ఆ పొడిలోనే మేం ఆడపిల్లలం పగిలిన పలక పెంకులతో తొక్కుడుబిళ్ళ ఆడి, పిక్కల దాకా మసి పూసుకుని ఇంటికొచ్చి తిట్లు తినేవాళ్ళం. మా ఇంట్లో మాత్రం గాజు పలకలు. బొమ్మ మొదట ఆ గాజు మీద పడేది, దాన్ని నాయన చీకటి గదిలో ఎర్రదీపం వెలుతురున మందునీళ్ళ తట్టల్లో ముంచి తేల్చేవాడు. తర్వాత కిటికీ దగ్గర కూర్చుని సన్న పెన్సిలుతో, చిన్న చాకుతో 'టచింగ్' చేసేవాడు. పెండ్లికూతురి ముఖం మీద అమ్మవారి మచ్చలు పోయేవి, ముసలాయన అంగీ మీది మరక పోయేది. ఎవరైనా పోయినా నాయనకే కబురు వచ్చేది. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడి ఫోటో దిగడం అప్పటి అలవాటు, చాలామందికి జన్మలో అదొక్కటే ఫోటో. మూసుకున్న ఆ కళ్ళను నాయన పెన్సిలు మొనతో తెరిపించేవాడు. బొమ్మ చేతికిచ్చినప్పుడు ఇంటివాళ్ళు మళ్ళీ ఒకసారి ఘొల్లుమనేవాళ్ళు.

చీకటి గదికి ఒకటే కట్టుబాటు. "నేను లోపలుంటే ఊరు తగలబడినా తలుపు తియ్యొద్దు. నేనూ తియ్యను," అనేవాడు. గీతంత వెలుతురు పడినా తట్టలో ఉన్న బొమ్మ మాడి మసైపోతుంది.

ఫాల్గుణం వచ్చిందంటే మాత్రం ఈ పని మీద ఆయనకు మనసు నిలిచేది కాదు. తెల్లవారుజామున కోడి కూయకముందే లేచి, మడత కెమెరా సంచిలో పెట్టుకుని, గొర్రెల కాపరి దగ్గర కొనుక్కున్న నల్ల గొంగళి భుజాన వేసుకుని, నన్ను లేపేవాడు. "పొయ్యిలో పిల్లి లేవకపోయినా సరే, ఈయనకు పిట్టలు కావాల. ఆడపిల్లను గూడా ఎంటేసుకోని పోతాడు, రేపు దీన్ని ఎవురు చేసుకుంటారు?" అని అమ్మ గొణుగుతూనే రాత్రి మిగిలిన జొన్నరొట్టెల మధ్య చెనిక్కాయల పచ్చడి పెట్టి గుడ్డలో కట్టి ఇచ్చేది. ఊరు దాటేసరికి వేపపూత వాసన చల్లగా తగిలేది. చింతతోపులో కొత్త చిగురు ఎర్రగా మెరిసేది, నేను అందినంత దూసి పుల్లపుల్లగా నమిలేదాన్ని, కంది కోసిన చేలల్లో మోళ్ళు కాళ్ళకు గుచ్చుకునేవి, దూరాన నల్లమల కొండలు పొగరంగులో ఉండగానే మోదుగలు మాత్రం ముందే తెల్లారినట్టు ఎర్రగా కనిపించేవి. తంతితీగ మీద పాలపిట్ట, రేగుపొదల్లో కౌజులు, అడుగు పడగానే కాళ్ళ కిందనుంచి బుర్రున లేచే పూరేళ్ళు, మనల్ని చూసి ఊరంతటికీ చెప్పే తీతువు, ఒక్కోసారి గట్టు మీద నిలబడి మావైపే చూసే నక్క. నాయన ఏ ఒక్కదాన్నీ తొందరపెట్టేవాడు కాదు. పదిసార్లు కెమెరా ఎత్తి పదిసార్లూ దించి, పదకొండోసారి ఊపిరి బిగబట్టి నొక్కేవాడు. ఆయన ఇంట్లో పదిమాటలు మాట్లాడని మనిషి, ఆ దారిలో మాత్రం ఒకటే మాటలు.

బట్టమేక పిట్ట ఆ మెట్టల్లో ఉండేది. నా భుజాల ఎత్తు, బారెడు తెల్లటి మెడ, నెత్తిన నల్లటి టోపీ పెట్టినట్టు ఉండేది. దాని నడక ఊరి పెద్దమనిషి పంచాయితీకి పోతున్నట్టు ఉండేది. మనిషి అలికిడైతే మైలు దూరంలోనే తప్పుకునేది గానీ గొర్రెలన్నా గొంగళి కప్పుకున్న కాపరన్నా దానికి భయం లేదు. నాయన ఆ సంగతి కనిపెట్టాడు. గొంగళి ఇద్దరి మీదా కప్పి, మందతో పాటు వంగి వంగి నడిచి, మేమిద్దరం గొర్రెల్లో గొర్రెలమయ్యాం. వసంతంలో మగపిట్ట రోజూ పొద్దున అదే మెట్టకు, అదే చోటుకు వస్తుంది. గొంతుకింద సంచి ఊదుకుని మోకాళ్ళదాకా వేలాడేసి, తోక విసనకర్రలా విప్పి, ఖాళీ కాగులో తల పెట్టి పలికినట్టు 'హూమ్' అంటుంది. ఆ పిలుపు నా కడుపులో వినపడేది. ఆ ఏడు నాయనకు నిలబడి ఉన్న పిట్ట దొరికింది గానీ గొంతు ఊదిన పిట్ట దొరకలేదు. "తొందరేముంది, రేపు గూడా ఈడికే వస్తాది. అది మాట తప్పదు," అన్నాడు. ఆ మాట ఆయన గొంతులో ఎంత మురిపెంగా పలికిందో నాకిప్పటికీ వినపడుతుంది.

నిలబడి ఉన్న ఆ పిట్ట ఫోటోను పెద్దది చేసి స్టూడియో ముందు అద్దాల పెట్టెలో పెట్టాడు. ఊరంతా వచ్చి చూసింది. చూసినవాళ్ళలో సగం మంది నమ్మలేదు.

ఉగాది మరునాడు ఇంట్లో ఇంకా ఓళిగల నెయ్యి వాసన పోలేదు. ఆ పొద్దున బజారువీధిలో ఒక పెద్దాయన పోతే నాయన వెళ్ళి ఆ చివరి ఫోటో తీసుకొచ్చి, గాజు పలకతో చీకటి గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. నేను ముందు గదిలో మిగిలిన ఓళిగ కొరుక్కుంటూ కూర్చున్నాను. అప్పుడు కలప కంట్రాక్టరు జీపు దిగాడు. గిద్దలూరు అడవుల్లో చెట్లు కొట్టించే ఆయన, ఎవరింటికి పోయినా కుర్చీ ముందే వేసి ఉంచేవాళ్ళు. అద్దాల పెట్టె ముందు నిలబడి నవ్వాడు.

"ఏం పాపా, ఇదేదో ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మకు ఫోటో తీసి పెట్టినాడంట గదా మీ నాయన? బజార్లో అందరూ అనుకుంటా ఉండారు."

నాకు పదేళ్ళు. మా నాయన అబద్ధాలకోరని ఒకడు మా గడపలో నిలబడి అంటే ఒళ్ళు మండింది. "కాదు! మా నాయనే తీసినాడు. నేను గూడా ఉన్నా," అన్నాను.

"అట్లనా? అయితే ఏడుందో చెప్పు, చూద్దాం."

చెప్పేశాను. దొనకొండ బండ్లబాట, చింతతోపు, ఎండిన వాగు, వాగు దాటినాక ఎడమచేతి పక్క బోడిమెట్ట, పొద్దు పొడిచే వేళ, రోజూ అదే చోటు. ఊపిరి కూడా తీసుకోకుండా, బళ్ళో ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పాను. గొంగళి సంగతి కూడా చెప్పాను, అడక్కుండానే. ఆయన నా నెత్తిన చెయ్యిపెట్టి "నిజమే చెప్పినావు లే," అని జీపెక్కాడు. మా నాయన పరువు నిలబెట్టానని ఎంత పొంగిపోయానో తల్చుకుంటే ఇప్పుడు నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

మూడో రోజు పొద్దెక్కాక అదే జీపు వచ్చింది. వెనకసీట్లో ఆయన చుట్టాలు ఇద్దరు, తుపాకి, వాళ్ళ కాళ్ళ దగ్గర అది. రెక్కలు తెరుచుకుని, ఆ తెల్లటి మెడ సీటు అంచు నుంచి తాడులా వేలాడుతూ ఉంది. దాంతో పాటు నిలబడి ఫోటో దిగాలట. ఆ ఊళ్ళో ఆ మనిషికి కాదని చెప్పిన వాళ్ళు ఎవరూ లేరు, మా నాయన మొదటివాడు కాలేకపోయాడు. పెద్ద కెమెరా పెరట్లోకి తెచ్చి నిలబెట్టాడు. పిట్టను బల్ల మీద పెడితే మెడ వాలిపోతోంది.

"బతికినట్టు కనపడాల," అన్నాడు కంట్రాక్టరు. "పాపను ఎనకాల కూసోబెట్టు, మెడ పట్టుకుంటాది."

నాయన నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో, ఉంటే బాగుండేది. అదే నల్ల గొంగళి తెచ్చి నా మీద కప్పాడు. దాని కింద ముడుచుకుని కూర్చుని ఆ మెడను రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాను. ఈకలు పసిపిల్ల జుట్టంత మెత్తగా ఉన్నాయి, కింద ఒకచోట జిగటగా తగిలింది. అవతల నాయన కూడా కెమెరా నల్లగుడ్డ కింద తల దూర్చాడు. "కదలొద్దు," అన్నాడు. ఆ రోజు ఆయన నాతో అన్న మాట అదొక్కటే.

ఫోటో అందుకుని కంట్రాక్టరు గొణిగాడు. "కండ్లు తెరిపియ్యలేదేంది?"

"మనుషులకైతే చేస్తా. పిట్టలకు నాకు రాదు," అన్నాడు నాయన.

ఆ తర్వాత ఆయన తెల్లవారుజామున లేవలేదు. మడత కెమెరా అటక ఎక్కింది, అద్దాల పెట్టెలో పిట్ట ఫోటో తీసేసి అక్కడ ఎవరిదో పెండ్లి ఫోటో పెట్టాడు. ఫాల్గుణం వచ్చేది, వేప పూసేది, నేను మేలుకుని పడుకునేదాన్ని, ఆయన లేపేవాడు కాదు. నాకు పదమూడో పద్నాలుగో వచ్చినప్పుడు ఫోటోలు కడగడం నేర్పాడు గనక చీకటి గదిలోకి పోవడం మొదలైంది. మొదటిసారి గడియ పెట్టుకుని నిలబడగానే ముందు గదిలో అమ్మ ఎవరితోనో చింతపండు సంగతి మాట్లాడుతుంటే మాట మాట వినిపించింది. ఆ తలుపు సన్న చెక్కలది.

ఆ రోజు ఆయన అంతా విన్నాడు. చింతతోపు, వాగు, ఎడమచేతి పక్క, అన్నీ విన్నాడు. గడియ తీసి ఒక్క కేక వేస్తే చాలు. కానీ తట్టలో ఉన్నది పోయిన పెద్దాయన బొమ్మ, మళ్ళీ తీయడానికి ఆ మనిషిని అప్పటికే పాడె ఎక్కించారు. ఎర్రదీపం కింద ఏ చేతిని ఏ చేత్తో పట్టుకుని నిలబడ్డాడో నాకు తెలియదు. తర్వాత ఇరవై ఏళ్ళు బతికాడు, నేనడగలేదు, ఆయన చెప్పలేదు. పోయాక మా అన్నలు పిట్టల గాజు పలకలన్నీ బూడిదతో తోమి బొమ్మలు కడిగేసి పటాల దుకాణానికి ఇచ్చేశారు. మా పాలపిట్టా, పూరేళ్ళూ, నక్కా, నిలబడ్డ ఆ బట్టమేక పిట్టా ఏ ఇంట్లో ఏ దేవుడి పటానికి అద్దాలుగా ఉన్నాయో. పెట్టెలో ఇదొక్కటే మిగిలింది, చచ్చిన పిట్టది.

అమ్మాయి ఫోటోను ఫోనులో తీసి, వేళ్ళతో పెద్దది చేసి చూసింది. కళ్ళు మెరిశాయి పాపం, ఆధారం దొరికింది కదా. "అవ్వా, మెడ దగ్గర ఎవరివో చిన్న వేళ్ళు కనపడుతున్నాయే," అంది. నావేనని చెప్పాను. ముసలివాళ్ళ ముడతలు, అంగీ మీది మరకలు వదలని మనిషి, చాకు మొనతో ఒక్క గీకు గీకితే పోయే ఆ నాలుగు వేళ్ళను అట్లాగే వదిలేశాడు. నా మీద కోపమో, మరచిపోకూడదనో, ఇక చాకు పట్టబుద్ధి కాలేదో, తేల్చుకోలేక ముసలిదాన్నయ్యాను.

"చోటు ఎక్కడో గుర్తుందా? ఆనవాలు చెప్పవ్వా, మ్యాపులో పెట్టుకుంటా," అని పెన్ను తీసింది.

చింతతోపు కొట్టేసి చాలా కాలమైంది. వాగులో ఇసుక లేదు. బోడిమెట్ట మీద తెల్లరంగు వేసిన ప్లాటు రాళ్ళు, పలకల గనుల చెత్త కుప్పలు. ఇప్పుడా పలకలు కూడా ఏ పిల్లా పట్టుకోదు. పొద్దున పూట అక్కడ ఒక్క కాకి అరిస్తే గొప్ప. చంపడానికి కూడా ఏమీ మిగల్లేదు, చెబితే పోయేదీ లేదు.

అయినా, "తెలీదు తల్లీ," అన్నాను. ఆ రోజు తలుపవతల, ఎర్రదీపం కింద, మా నాయన నా నోట వినాలని ఎదురుచూసిన మాట అదే అయి ఉంటుంది.