పెన్సిల్‌తో రాసిన బిళ్లలు

నోటితో చెప్పడం కన్నా రాసుకోవడం నాకు తేలిక. కరీంనగర్‌లో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు సిరామిక్ బిళ్లలు చేసినప్పుడు కూడా, ఒక్కోదాని అడుగున అందులో ఏది ఎంత కలిపానో పెన్సిల్‌తో రాశాను.

ఐదు బిళ్లలు. ఐదూ బేరియం టైటనేట్‌వే. అది కరెంటును పోనివ్వదు. అందులో చిటికెడు లాంథనం అనే లోహం కలిపితే, అది బేరియం చోట్లో కూర్చుని, తన దగ్గర ఎక్కువున్న ఎలక్ట్రాన్‌ను వదిలేస్తుంది. కరెంటుకు దారి దొరుకుతుంది. ఇంకాస్త కలిపితే లోపలి రేణువులు చిన్నవైపోయి, ఆ దారి మళ్లీ మూసుకుపోతుంది. నేను చూపించాల్సింది అదే, అందుకే ఒక్కో బిళ్లలో ఒక్కో మోతాదు కలిపాను.

బిళ్లలను కాల్చిన ఫర్నేస్ చల్లారాక తెరిచాను. ఒక్క బిళ్ల మీదా రాత లేదు. ఆ వేడికి లాంథనం ఏమవుతుందో నెలల తరబడి చదివాను, పెన్సిల్ ఏమవుతుందో ఆలోచించలేదు.

ఫర్నేస్‌లో నా వంతు మళ్లీ వచ్చేసరికి ప్రాజెక్టు గడువు దాటిపోతుంది. కాగజ్‌నగర్ నుంచి మా బాపు ముందే అన్నాడు: "ఈ ఏడు తప్పితే ఇంటికే రా బిడ్డా. చదివింది చాలు."

హాస్టల్లో నా గదిలో ఉండే జైనూర్ పిల్లకు మాత్రమే చెప్పాను.

"గింతదానికి పరేషాన్ ఎందుకే? కరెంటు పెట్టి చూడు. మంచిగ పోయిందే గా చిటికెడుది. బిళ్లలొచ్చి సాక్ష్యం చెప్తయా?"

"చెప్పయ్," అన్నాను.

కొలిచాను. పుస్తకంలో నిరోధం గీత ఎలా దిగి ఎలా లేచిందో అలాగే బిళ్లలను వరసలో పేర్చి, ఆ వరసలోనే మోతాదులు రాసుకున్నాను. ప్రాజెక్టు చూసే మా మేడం గ్రాఫ్ చూసి, "గిట్ల రావాలె. శనివారం జూనియర్లకు నువ్వే చెప్పు," అన్నారు. హాజరు పిలిస్తేనే గొంతు రాని దాన్ని, తల ఊపి వచ్చాను. ఆ వారమంతా డైరీలో వానల గురించే రాశాను.

శనివారం బోర్డు మీద ఆ గీత గీస్తుంటే వెనక బెంచీ అమ్మాయి లేచింది.

"అక్కా, అన్ని బిళ్లలు ఒక్కతీరుగనే ఉన్నయ్ గద. ఏది ఏదో ఎట్ల గుర్తువెట్టుకున్నరు?"

అబద్ధం ఒక్కటీ తట్టలేదు.

"పెన్సిల్‌తోని రాసుకున్న."

పక్కన కూర్చున్న మేడం తలెత్తారు. "గా వేడికి పెన్సిల్ రాత ఆగుతదా?"

"ఆగలే మేడం."

"మరి గీ గీత ఏడికెళ్లి వచ్చింది?"

అందరూ నావైపే చూస్తున్నారు. తలుపు దూరంగా ఉంది.

"పుస్తకంలకెళ్లి," అన్నాను.