సరస్వతీ పూజకు పెద్దమ్మను తోడు తీసుకెళ్ళాను

నా బీరువాలో అన్నిటికంటే కింది అరలో ఒక పసుపు చీర ఉంది. చీరాల నేత, సన్నటి ఎర్ర అంచు. దాన్ని ఒక్కరోజే కట్టుకున్నాను. మళ్ళీ ఎందుకు కట్టుకోలేదని అమ్మ చాలాసార్లు అడిగింది, ఆ రంగు నాకు నప్పలేదని చెప్పాను. అది నిజం కాదు. ఆ చీర కట్టుకున్న రోజునే ఒక మనిషిని పోగొట్టుకున్నాను, అతన్ని ఎంత ఇష్టపడ్డానో పోగొట్టుకున్నాక గానీ తెలియలేదు. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

ఈ ఉదయం కోల్‌కతాలో మా న్యూ టౌన్ అపార్ట్‌మెంట్ల కింద చిన్న పందిరి వేసి సరస్వతీ పూజ చేస్తున్నారు. పాల ప్యాకెట్ కోసం కిందికి దిగుతుంటే లిఫ్టులో పై అంతస్తు వాళ్ళ అమ్మాయి, కాలేజీలో ఈ మధ్యే చేరినట్టుంది, పసుపు చీర కుచ్చిళ్ళు చేత్తో ఎత్తి పట్టుకుని, అద్దంలో బొట్టు చూసుకుంటూ, ఫోనులో ఎవరికో గేటు దగ్గరే ఉండమని చెబుతోంది. నన్ను చూసి, దీదీ మీరు పసుపు కట్టుకోలేదేం అని అడిగింది. నవ్వి లిఫ్టు దిగాను. పైకి వచ్చి పాలు పొయ్యి మీద పెట్టి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆ అమ్మాయి ఒక్కతే గేటు వైపు పరుగులాంటి నడకతో వెళ్ళడం చూస్తూండగానే పాలు పొంగి పొయ్యంతా అయ్యాయి.

నేను మొదటిసారి కోల్‌కతా వచ్చింది ఎం.ఏ. చదవడానికి. బాపట్ల దాటి ఎరగని మా ఇంట్లో అది విదేశం కిందే లెక్క. భాష వేరు, తిండి వేరు, రైల్లో ఒక పగలూ రాత్రీ ప్రయాణం, ఇంకేం కావాలి అనేది అమ్మమ్మ. భవానీపూర్‌లో ఆడపిల్లల హాస్టల్, పాత ఇల్లు, ఎత్తు కిటికీలు, నాకూ ఒక బెంగాలీ అమ్మాయికీ కలిపి ఒక గది. ఆ అమ్మాయికి మనుషులు కావాలి, నాకు పుస్తకాలు ఉంటే చాలు. క్లాసులో ఎవరైనా పేరు అడిగితే చెప్పడానికి కూడా గొంతు పెగిలేది కాదు నాకు. అందుకని ఆమె నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయేది. ట్రాములో చివరిదాకా వెళ్ళి అదే ట్రాములో వెనక్కి రావడం, ఫెర్రీ ఎక్కి హౌరా ఒడ్డుకు పోయి టీ తాగి తిరిగి రావడం, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా ఫుచ్కాలు, అంటే ఇక్కడి పానీపూరీలు, తినడం, కాలేజీ మెట్ల మీద పదిమంది కూర్చుని పొద్దుపోయేదాకా ఏ పనికీ రాని కబుర్లు చెప్పుకోవడం, వాటి మధ్య నేను మూగగా కూర్చుని గదికొచ్చాక అన్నీ డైరీలో రాసుకోవడం. అలా గడిచింది మొదటి ఏడాది.

ఆదివారాలు మాత్రం కిదిర్‌పూర్ వెళ్ళేదాన్ని. అక్కడ పెద్దమ్మ ఉండేది. మా అమ్మకు పెత్తల్లి కూతురు. శ్రీకాకుళం వైపు ఇస్తే, ఓడరేవు డాకుల్లో పనికొచ్చిన పెదనాన్నతో పాటు పెళ్ళయిన కొత్తలోనే ఇక్కడికి వచ్చేసింది. మాట పూర్తిగా అత్తింటి వాళ్ళదైపోయింది, మధ్యమధ్య బెంగాలీ కలిసిపోయింది. పిల్లలు లేరు. నేను వెళ్తే చాలు, ఒలే గుంటా, చిక్కిపోయావేటే అంటూ అన్నం ముందు కూర్చోబెట్టేది. క్వార్టర్ల వరసలో అందరూ తెలుగువాళ్ళే. వాళ్ళ పక్కింటి అబ్బాయి కోల్‌కతాలోనే పుట్టి పెరిగాడు. తండ్రి డాకుల్లో సరుకులెత్తే కళాసీ, ఇతను ఓడల మీద పనికి ఏదో కోర్సు చదివి పిలుపు కోసం ఎదురుచూస్తున్నాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు, వాళ్ళింట్లో అక్షరాలు నేర్పేవాళ్ళు లేకపోయారు. నేను పెద్దమ్మ వాళ్ళ గుమ్మంలో కూర్చుని ఏ కథల పుస్తకమో చదువుకుంటుంటే, వాళ్ళ గుమ్మంలోంచి, ఏటుంది అందులో అని అడిగాడు ఒకసారి. చెప్పాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం అడిగేవాడు. రెండు గుమ్మాల మధ్య కుళాయి, దానికి ఇవతల నేను, అవతల అతను. ఎవరి ముందూ నోరు విప్పని నేను అతనికి కథలకు కథలు చెప్పేదాన్ని. పెద్దమ్మ భోజనానికి పిలిస్తే సగంలో ఆపేసేదాన్ని, వచ్చే వారం రాగానే అతని మొదటి మాట, చివరికి ఏటైంది ఆవిడకి, అని. నేను వారమంతా ఆ మాట కోసమే బతికేదాన్నని అప్పట్లో నాకు తెలియదు.

రెండో ఏడాది చలికాలంలో ఒక చిన్న సంగతి జరిగింది. రోడ్డు మీద రేగుపళ్ళు కనబడితే ఆశగా కొనుక్కుని నోట్లో వేసుకోబోతుంటే నా గదిలో అమ్మాయి చేతి మీద కొట్టింది. చదువుకునే పిల్లలు సరస్వతీ పూజ అయ్యేదాకా రేగుపండు ముట్టకూడదట, ముడితే పరీక్ష పోతుందట. మా వైపు భోగికే పిల్లల నెత్తిన పోస్తామని చెబితే, అయితే మీరంతా ఎలా పాసయ్యారని అడిగింది. ఇది ఆదివారం అతనికి చెబితే చాలాసేపు నవ్వాడు. నవ్వడం ఆపి, చెప్పుల వైపు చూసుకుంటూ అన్నాడు.

"వచ్చే వారమే పూజ. నీకాడ పసుపు చీర ఉందేటి? ఉంటే కట్టుకుని రా. లేకు కాడ ఠాకూర్లు చూద్దాం."

ఠాకూర్లంటే బెంగాలీలో దేవుడి విగ్రహాలు. లేకంటే దక్షిణాన ఉన్న పెద్ద చెరువు, దాని చుట్టూ తోట. వస్తానని తలూపాను. ఆ వారం నేలమీద నడిచినట్టు లేదు నాకు. అమ్మ పెట్టెలో పెట్టిన పసుపు చీర తీసి ఇస్త్రీ చేయించాను.

ఇక్కడే నాకు తెలియని విషయం ఒకటుంది. తెలియజెప్పే మనిషి, నా గదిలో అమ్మాయి, పూజకని వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. నాకు తెలిసినంతలో పూజ అంటే పూజే. మా ఊళ్ళో కొబ్బరికాయ పట్టుకుని ఎక్కడికి బయల్దేరినా పక్కన ఒక పెద్ద ముత్తయిదువ ఉండాల్సిందే, ఆడపిల్లను ఒక్కదాన్ని పంపరు. పైగా ఒక్కదాన్నే అతని పక్కన నడవాలంటే భయం. అందుకని పెద్దమ్మకు ఫోను చేసి, నువ్వూ రా పెద్దమ్మా అన్నాను. ఆవిడ పొంగిపోయింది. ఓలమ్మ, నన్నెవులు తీసుకెళ్తారే పూజలకి, వత్తాను, అంది. పట్టుచీర కట్టుకుని, సంచీలో కొబ్బరికాయా అరటిపళ్ళూ వేసుకుని వచ్చింది.

లేకు గేటు దగ్గర అతను నిలబడి ఉన్నాడు. కొత్త పసుపు లాల్చీ, మడత గీతలు ఇంకా పోలేదు. చేతుల్లో ఆకు దొన్నెలు, ఒకటి నాకు, ఒకటి తనకు, వాటిలో ఉప్పూ కారం చల్లిన రేగుపళ్ళు. నన్ను చూసి వెలిగిన ముఖం, నా వెనక సంచీతో వస్తున్న పెద్దమ్మను చూసి ఏమైందో ఇప్పుడు కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఎండ తగిలి కళ్ళు చిట్లించాడనుకున్నాను. ఒక్క క్షణమే. ఆ వెంటనే ఒక దొన్నె నాకిచ్చి, తన దొన్నె పెద్దమ్మకిచ్చి, ఆవిడ చేతిలో సంచీ తను తీసుకున్నాడు.

లోపల ఎక్కడ చూసినా పసుపు చీరలే, పక్కన లాల్చీలే. బెంచీ మీద ఇద్దరు, చెట్టు కింద ఇద్దరు, గట్టు మీద ఇద్దరు. నాకు వాళ్ళ చీర కట్లూ తలలో పూలూ కనిపించాయి, ఇద్దరిద్దరుగా ఉన్నారన్నది కనిపించలేదు. పెద్దమ్మకు కనిపించింది. కొంతదూరం నడిచాక ఆగి చుట్టూ చూసి, అతన్ని చూసి, నన్ను చూసింది.

"కాళ్ళు నొప్పులెడతన్నాయే గుంటా. నేనీడ కూకుంటాను. మీరిద్దరూ ఎల్లి చూసి రండి."

ఇంత జనంలో పెద్దమ్మను ఒక్కదాన్నీ ఎలా వదులుతాను. వద్దు పెద్దమ్మా, నువ్వు లేకుండా నేను వెళ్ళను అని ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఎల్లవే, నానేటీ తప్పిపోను అని విడిపించుకోబోయింది. నేను వదల్లేదు. అప్పుడు అతను నావైపు ఒక్కసారి చూసి, తల తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఒక్కో పందిరికీ మమ్మల్ని తీసుకెళ్ళి పెద్దమ్మకు అన్నీ వివరంగా చెప్పాడు, కొబ్బరికాయ కొట్టించుకొచ్చాడు, మెత్తటి కిచిడీ ప్రసాదం ఆవిడ కోసం అడిగి మరీ పెట్టించాడు, బస్సెక్కించి కిటికీలోంచి సంచీ అందించాడు. హాస్టల్ దగ్గర నేను దిగబోతుంటే నా తల మీద చెయ్యి వేసి, పిచ్చి గుంట, అంది. ముద్దుగా అంటోందనుకుని నవ్వుతూ దిగాను.

ఆ పూజనాడు హాస్టల్లో పుస్తకాలన్నీ అమ్మవారి ముందు పెట్టేస్తాం, ఎవరూ చదవరు, రాయరు. నా డైరీ కూడా అక్కడే ఉంది. అందుకని నా డైరీల్లో ఆ రోజు లేదు.

నా గదిలో అమ్మాయి ఊరినుంచి వచ్చి, పండగ ఎలా జరిగిందని అడిగితే, దొన్నెలూ పెద్దమ్మా కిచిడీ అన్నీ సంబరంగా చెప్పాను. ఆమె పొట్ట పట్టుకుని నవ్వి, ఉన్నట్టుండి నవ్వు ఆపేసి నా ముఖంలోకి చూసింది. ఈ ఊళ్ళో ఒక అబ్బాయి ఒక అమ్మాయిని ఆ ఒక్కరోజు పసుపు చీర కట్టుకుని రమ్మన్నాడంటే దాని అర్థం ఏమిటో, పెద్దవాళ్ళు కూడా ఆ ఒక్కరోజు చూసీ చూడనట్టు ఎందుకు ఊరుకుంటారో మెల్లగా చెప్పింది. రావడం ఇష్టం లేని అమ్మాయి కూడా ఇలా పెద్దవాళ్ళను వెంటబెట్టుకొచ్చి ఇంత గట్టిగా కాదనదు, అంది. నీకు అతనంటే ఏమైనా ఉందా అని అడిగింది. ఏమీ లేదన్నాను.

ఆ ఆదివారం వెళ్ళాను. కుళాయికి అవతల కూర్చుని ఉన్నాడు. నవ్వాడు కూడా. బాగున్నారా, అన్నాడు. ఏడాదిగా నువ్వన్నవాడు మీరన్నాడు. కథ చివరికి ఏమైందని అడగలేదు. అడక్కుండా ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. నాకు మీ ఊరి సంగతి తెలియదు, కాదనలేదు, అన్న రెండు ముక్కలు వారాల తరబడి నోట్లోనే తిప్పుకున్నాను. ఈలోగా అతనికి ఓడ పిలుపు వచ్చింది, విశాఖలో ఎక్కాలి.

పెద్దమ్మ నిరుడు వానాకాలంలో పోయింది. నేను ఇక్కడికే ఉద్యోగానికి వచ్చాక, పెదనాన్న రిటైరై వాళ్ళు చేరిన శ్రీకాకుళానికి సెలవులకు వెళ్ళినప్పుడల్లా అదే అన్నం, అదే ప్రేమ, కానీ ఆ రోజు మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అతనికి గాజువాకలో ఇల్లు, భార్య, ఒక కూతురు అని ఆవిడే ఒకసారి కూర తరుగుతూ, తల ఎత్తకుండా చెప్పింది. క్వార్టర్ల వరస పడగొట్టేశారు, కుళాయి ఎక్కడుండేదో వెతికినా ఆనవాలు దొరకలేదు. ఇప్పుడు మెట్రో ఉంది, ఫోనులో నొక్కితే కారు వస్తుంది, ఎక్కడికైనా ఒక్కదాన్నే వెళ్తాను. తోడు రమ్మని పిలవడానికి ఎవరూ లేరు. లిఫ్టులో కనిపించిన అమ్మాయిలా, గేటు దగ్గరే ఉండు వస్తున్నాను అనడం ఇంత తేలికని నాకెవరూ చెప్పలేదు. ఈ కాలం పిల్లలకు ఎవరు చెప్పారో.

అతను ఓడ ఎక్కడానికి విశాఖ వెళ్ళే రోజు హౌరా స్టేషనుకు క్వార్టర్ల వరసంతా వచ్చింది. వాళ్ళ నాన్న పెట్టె సర్దుతున్నాడు, వాళ్ళమ్మ పులిహోర పొట్లాలు అందిస్తూ కళ్ళు తుడుచుకుంటోంది. నేను వెనక నిలబడ్డాను. ఉన్నట్టుండి పెద్దమ్మ, ఓలమ్మ నీల్లసీసా మరిసిపోనాం, అని వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని, వాళ్ళ నాన్నను కూడా రమ్మని, అందర్నీ కొట్టు వైపు లాక్కుపోయింది. సంచీలో నీళ్ళ సీసా కనబడుతూనే ఉంది. కిటికీ దగ్గర నేనొక్కదాన్నే మిగిలాను. అతను కిటికీ ఊచల మీద చేతులు పెట్టి, నేనేదో చెబుతానని చూశాడు. ఇన్నాళ్ళూ నోట్లో ఉన్న మాటలు నోట్లోనే ఉండిపోయాయి. జాగ్రత్త, అన్నాను. రైలు కదిలింది. రెండడుగులు దాంతోపాటు నడిచాను. అతను నవ్వడానికి ప్రయత్నించాడు, ఆ ఒక్కసారికి మళ్ళీ నన్ను నువ్వన్నాడు.

"ఒక్కదానివీ తిరక్కు. ఎక్కడికెల్లినా పెద్దమ్మని తోడెట్టుకెల్లు."