చింతపండుతో తోమిన ముత్యం: ఫహాహీల్‌లో ఒక శుక్రవారం

కువైట్‌కు వచ్చి తొమ్మిదేళ్లయినా ఫహాహీల్ చూడాలని నాకెప్పుడూ అనిపించలేదు. చేజేతులా చేసుకున్న పని వల్ల వెళ్లాల్సి వచ్చింది. హైదరాబాద్ నుంచి విజిట్ వీసా మీద వచ్చిన మా అత్తయ్య, జలుబు చేసిందని ముక్కుకున్న ముత్యపు నత్తు తీసి దేవుడి అరలో పెట్టింది. నేను వెండి కుందులు నల్లబడ్డాయని చింతపండు నానబెట్టి తోముతూ, పనిలో పనిగా ఆ నత్తును కూడా గిన్నెలో పడేశాను. ఇత్తడైనా వెండైనా మా ఇంట్లో చింతపండే మందు. ముత్యం లోహం కాదన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. గంట తర్వాత చూస్తే శనగగింజంత ముత్యం సున్నం రాసినట్టు తెల్లగా పాలిపోయి ఉంది. అత్తయ్యకు పెళ్లిలో వాళ్లమ్మ పెట్టిన ముత్యం అది. ఇక్కడి సముద్రంలో దొరికే ముత్యాలనే మన హైదరాబాద్‌లో బస్రా ముత్యాలంటారు. "ఇక్కడి గాలికి మసకేసిందేమో అత్తయ్యా" అని అబద్ధమాడాను. ఆమె నత్తు పెట్టుకుంది. నాలుగైదు సార్లు అద్దంలో చూసుకుని, తీసేసి రుమాలులో మూట కట్టుకుంది. బుధవారం ఆమె తిరుగు ప్రయాణం. అలాగే పంపించడానికి నాకు మనసొప్పలేదు.

మా ఫర్వానియాలో టాక్సీ నడిపే గంగారాంది జగిత్యాల దగ్గర ఊరు. అతనికి మాత్రం నిజం చెప్పాను. "ఫహాహీల్ల చేపల మార్కెట్ కాడ ఒక బాబా ఉన్నడు మేడమ్. వాళ్ల నాయిన ముత్యాల వ్యాపారి. ఆయనకు చూపెడితే ఏదన్న తొవ్వ జెప్తడు" అన్నాడు. శుక్రవారం మూడింటికి బయల్దేరాం. పోనూరానూ పన్నెండు దీనార్లు మాట్లాడుకున్నాం. బస్సులు మారుతూ వెళ్తే మనిషికి దీనారు కూడా కాదు గానీ, డెబ్బై దాటిన అత్తయ్య మోకాళ్లతో అది అయ్యే పని కాదు. సెలవు రోజు కాబట్టి రోడ్డు ఖాళీగా ఉంది, నలభై నిమిషాల్లో చేరాం.

"గాలికి మసకేసినదానికి ఇంత దూరమెందుకే?" అని దారిలో అత్తయ్య అడిగింది. గంగారాం అద్దంలోంచి నన్నొకసారి చూసి, "ఆడ చేపలు గూడ మంచిగ దొరుకుతయమ్మా" అన్నాడు. మహానుభావుడు.

ఇప్పుడు ఫహాహీల్ అంటే మాల్స్, సముద్రపు ఒడ్డున నడిచే దారి, దూరంగా కనిపించే రిఫైనరీ గొట్టాలు. చమురు రాకముందు ఆ ఊరికి చేపలు, ముత్యాలే బతుకు. మగవాళ్లు ఎండాకాలమంతా పడవల మీదే ఉండి, కాలికి రాయి తగిలించుకుని, ఊపిరి బిగబట్టి మునిగేవారట. జపాన్ వాళ్ల పెంపుడు ముత్యాలు వచ్చి ఆ బేరం పడిపోయింది. చేపలు మాత్రం నిలిచాయి. మార్కెట్‌లో అత్తయ్య జుబైదీల మొప్పలెత్తి చూసింది. మన చందువకు ఇక్కడి పేరు అది. ధర విని "గింత చేపకా!" అని ఠక్కున కిందపెట్టేసింది.

అసర్ నమాజు అయ్యాక నాలుగు గంటలకు గంగారాం చెప్పిన ముసలాయన కొట్టు తెరిచాడు. పేరు అబూ నాసర్. గవ్వలు, పాత తక్కెడలు, మునిగేవాళ్లు కట్టుకున్న రాళ్లు చుట్టూ పేర్చుకుని కూర్చున్నాడు. చిన్నప్పుడు తండ్రితో బొంబాయిలో ఉన్నాడట, హిందీ బాగా వచ్చు. అత్తయ్యకు పాతబస్తీ ఉర్దూ ఉండనే ఉంది. ఇద్దరూ చుట్టాల్లా కబుర్లలో పడ్డారు. ఆయన ముత్యాన్ని ఎర్రగుడ్డ మీద పెట్టి భూతద్దంలో చూసి, "అసలుదే. మా సముద్రందే" అన్నాడు. అత్తయ్య కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. అప్పుడాయన, "దీన్ని దేంతో కడిగారు?" అని అడిగాడు.

గంగారాం గబుక్కున గవ్వల వైపు తిరిగాడు. అత్తయ్య నా వైపు చూసింది.

"చింతపండుతో" అన్నాను తెలుగులో. "ఇమ్లీ" అని ఆయనకు చెప్పింది అత్తయ్యే.

ముత్యం ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా ఉంటుందట. "పులుపు పైపొరను తినేసింది. గీకి తీస్తే కింద మెరుపు ఉండొచ్చు. లేకపోతే ముత్యమే మిగలదు. నేను మాటివ్వలేను" అన్నాడు. వద్దన్నాను. "తియ్యుమను" అంది అత్తయ్య. ఆయన చిన్న కత్తి తీసుకుని ఇరవై నిమిషాలు గీకాడు. మొదటి పొర సుద్దపొడిలా రాలింది. దాని కిందా మెరుపు లేదు. రెండో పొర కూడా తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. జొన్నగింజంత మిగిలింది గానీ, పాల మీగడలా మెరుస్తోంది. "ఖలాస్. ఇంక ముట్టుకోవద్దు" అన్నాడు. డబ్బు తీసుకోలేదు. మొహమాటానికి రెండు దీనార్లు పెట్టి ఒక శంఖం కొన్నాం.

కారెక్కగానే, "తప్పయింది అత్తయ్యా" అన్నాను.

"ముత్యం పోతే పోనీ గానీ," అంది అత్తయ్య, "వారం సంది నేనేం అనుకున్న ఎరుకేనా? మా అమ్మ నాకు గిల్టుది వెట్టి పంపిందనుకున్న. సచ్చిపోయినామెను మనసుల ఎన్ని తిట్టుకున్ననో!"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఫర్వానియా పక్కనున్న ఖైతాన్ దాటుతుండగా ఆమె చెల్లెలికి ఫోన్ చేసింది. నా సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. "కమలా, అమ్మ వెట్టింది అసలుదేనే" అని మాత్రం రెండుసార్లు చెప్పింది.

ఆ వారమంతా నా బాధ ముత్యం గురించే. పక్క గదిలో ఆమె వాళ్లమ్మను అనుమానిస్తూ పడుకుంటోందని నాకు తోచనే లేదు. గాలి మీదకు నెట్టిన నా చిన్న అబద్ధం వెళ్లి వెళ్లి, ఎప్పుడో పోయిన మనిషి మీద పడింది. ఫహాహీల్ వెళ్లేవాళ్లు శుక్రవారమైతే నాలుగు దాటాకే వెళ్లండి, అంతకుముందు నమాజుల వేళ చిన్న కొట్లు మూసి ఉంటాయి. చెప్పాల్సిన మాటేదైనా ఉంటే మాత్రం ఇంట్లోనే చెప్పేసి కారెక్కండి.