గోడ మీద యాభై అయిదు

డెబ్బైలలో హైదరాబాద్ పాతబస్తీ శాలిబండలో ఇంజన్ విప్పడం పెద్ద పని కాదు. విప్పినదాన్ని తిరిగి ఎంత బలంతో బిగించాలో చెప్పే పుస్తకం దొరకడమే గగనం. కంపెనీల రిపేరు పుస్తకాలు సర్కారు వర్క్‌షాపుల బీరువాల్లో తాళాల వెనక ఉండేవి. బయటి షెడ్లవాళ్లం ఒకరి నోటుబుక్కులోంచి ఒకరం అంకెలు రాసుకునేవాళ్లం. ఆ అంకె మొదట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ అడిగేవారు కాదు. నేను అడిగేవాణ్ణి. అడగనివాళ్లను చూసి నవ్వేవాణ్ణి కూడా. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. ఐటీఐ సర్టిఫికెట్ ఉంది, ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలను. ఆ రెండూ చూసుకుని కాలు నేల మీద ఆనేది కాదు.

నేను పనిచేసే షెడ్డు మా ఉస్తాద్‌ది. అరవై దగ్గరపడ్డ మనిషి. ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. పానాల మీది అంకెలు కూడా చూసేవాడు కాదు, చేతిలోకి తీసుకుంటే ఏ సైజో తెలిసిపోయేది. బోల్టు బిగించేటప్పుడు కళ్లు మూసుకునేవాడు. ఒకచోటికి వచ్చాక చెయ్యి దానంతటదే ఆగిపోయేది. ఎట్లా తెలుస్తుందని అడిగితే బోల్టే చెబుతుందనేవాడు. ఆయన బిగించిన ఇంజన్ మళ్లీ అదే తప్పుతో వెనక్కి వచ్చిందని ఎవరూ అనగా నేను వినలేదు.

అయినా అది విద్య కాదని నా గట్టి నమ్మకం. చెయ్యి ఇవాళ ఒకలా ఉంటుంది, రేపు ఇంకోలా ఉంటుంది, లెక్క ఎప్పుడూ లెక్కే అని ఆయనకు పాఠాలు చెప్పేవాణ్ణి. పాపం, వినేవాడు. నా మాట మీదే రాణిగంజ్‌లో పాత టార్క్ రెంచి ఒకటి కొన్నాడు. పొడుగాటి పిడి, దాని వెంట ఒక ముల్లు, ముల్లు కింద అంకెల రేకు. బోల్టు ఎంత బలంతో బిగుస్తోందో ముల్లు చూపిస్తుంది. రెంచి వచ్చింది సరే, ఏ బోల్టును ఏ అంకె దాకా బిగించాలి? దానికి పుస్తకం కావాలి.

ఉప్పుగూడలో మా పక్కింటాయన సర్కారు బస్సుల వర్క్‌షాపులో పని చేసేవాడు. ఆయన్ను నెలరోజులు పీడించాను. చివరికి ఒక శనివారం సాయంత్రం లావుపాటి పుస్తకం ఒకటి గుడ్డసంచిలో పెట్టి తెచ్చాడు. అన్నిరకాల బండ్ల ఇంజన్ల పట్టికలూ అందులో ఉన్నాయి. సోమవారం పొద్దున ఇచ్చెయ్యాలి, రిజిస్టర్లో సంతకం తనది, జాగ్రత్త అని రెండుసార్లు చెప్పాడు. ఆదివారమంతా కూర్చుని నోటుబుక్కులోకి ఎక్కించాను. అప్పట్లో ఊళ్లో టాక్సీలుగా తిరిగే కారు ఇంజన్ పేజీకి వచ్చేసరికి రెండు కాగితాలు గ్రీజుతో అంటుకుపోయి ఉన్నాయి. నిదానంగా విడదీయాల్సింది. నాకు నిదానం ఎక్కడిది? సర్రున లాగాను. ఒక ముక్క చిరిగి, అచ్చు లేచిపోయింది. పోయింది ఒక్క వరసే. పిస్టన్‌ను కింది క్రాంక్‌తో కలిపే రాడ్డు బోల్టుల అంకె.

సోమవారం పుస్తకం ఇచ్చేశాను. చిరిగిన సంగతి చెప్పలేదు. మళ్లీ పుస్తకం అడిగే మొహం లేకుండా నేనే చేసుకున్నాను.

ఉస్తాద్ సంబరం చూడాలి. ఆ అంకెలన్నీ షెడ్డు గోడ మీద రాయించాలన్నాడు. చుట్టుపక్కల మెకానిక్‌లందరికీ పనికొస్తాయట. సైన్‌బోర్డు పెయింటర్ను పిలిపించాడు. పెయింటర్ ఎర్ర గీతలతో గళ్లు గీసి, నా నోటుబుక్కు చూస్తూ నల్లరంగుతో అంకెలు వేసుకుంటూ వచ్చాడు. పక్క షెడ్లవాళ్లు చాయ్ గ్లాసులు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. ఒక గడి దగ్గర పెయింటర్ ఆగాడు.

"ఈడ ఖాళీ ఉన్నదేంది? నోట్లె పన్ను ఊడినట్టు కనిపిస్తది."

అందరూ నా వైపు చూశారు. ఉస్తాద్ కూడా చూశాడు, గొప్పగా. పేజీ చిరిగిందనీ, నాకు తెలియదనీ అంటే సరిపోయేది. పై వరసలో జీపు ఇంజన్ అంకె యాభై అయిదు ఉంది. రెండు ఇంజన్లూ చూడటానికి ఒకలాగే ఉంటాయి కదా అనుకున్నాను. యాభై అయిదు వెయ్యమన్నాను. తరువాత కనుక్కుని మార్పించవచ్చని మనసుకు నచ్చచెప్పుకున్నాను. ఆ వారంలోనే ఇద్దరు పక్క షెడ్లవాళ్లు తమ నోటుబుక్కులు తెచ్చి నాచేతే ఆ పట్టిక రాయించుకున్నారు. ఆ గడి కూడా రాసిచ్చాను.

రెండు నెలలు గడిచాయి. యాకుత్‌పురా నుంచి ఒక టాక్సీ డ్రైవర్ తన బండి ఇంజన్ రిపేరుకు తెచ్చాడు. సొంత బండి, ఇల్లంతా దాని మీదే నడుస్తుంది. ఉస్తాద్ ఇంజన్ మొత్తం విప్పి, కొత్త బోల్టులు తనే వెళ్లి తెచ్చాడు. రాడ్డు బోల్టులు కళ్లు మూసుకుని బిగించాడు, చెయ్యి ఆగింది. నేను రెంచి పెట్టి చూశాను. ముల్లు ముప్పై అయిదు దగ్గర నిలిచింది. తక్కువుందన్నాను.

"చాలంటున్నది బిడ్డా," అన్నాడు ఉస్తాద్. "ఇంక తిప్పితే ఏడుస్తది."

"బుక్కుల యాభై అయిదు ఉన్నది ఉస్తాద్. నీ చెయ్యి కన్న బుక్కు పెద్దది గదా."

ఆ మాట అంటున్నప్పుడు అది బుక్కులో లేదని నాకు తెలుసు. తెలుసు అనడం కూడా పూర్తి నిజం కాదు. రోజూ గోడ మీద చూసీ చూసీ నా అబద్ధాన్ని నేనే నమ్మడం మొదలుపెట్టాను. ఉస్తాద్ ఆ గోడ వైపు ఒకసారి చూశాడు, తనకు రాని ఆ అంకెల వైపు. తరువాత రెంచి తీసుకుని లాగాడు. నేను ముల్లు చూస్తూ, యాభై అయిదు రాగానే ఆగమన్నాను. అట్లా ఎనిమిది బోల్టులూ అయ్యాయి. ఆ రోజు ఆయన చేతులు చాలాసేపు తుడుచుకున్నాడు.

ఇరవై రోజులు కూడా కాలేదు. యాకుత్‌పురా స్టేషన్ దగ్గర ఆ బండి ఇంజన్ పగిలిపోయింది. రాడ్డు ఊడి, ఇంజన్ గోడను పొడుచుకుని బయటికి వచ్చింది. బండిని తోసుకుంటూ మా షెడ్డుకు తెచ్చారు. కింద పళ్లెం విప్పితే తెగిన బోల్టు ముక్క నూనెలో దొరికింది. మెడ దగ్గర సాగి సన్నబడి తెగింది. అతిగా బిగిస్తే బోల్టు అట్లాగే తెగుతుంది. నాకు ఐటీఐలో చెప్పారు, ఉస్తాద్‌కు ఎవరూ చెప్పకుండానే తెలుసు.

డ్రైవర్ లొల్లి చేయలేదు. చేసి ఉంటే బాగుండేది. "నీ చెయ్యి మీద భరోసాతోని ఇచ్చిన ఉస్తాద్," అని మాత్రం అన్నాడు.

పక్క షెడ్లవాళ్లంతా వచ్చి నిలబడ్డారు. ఉస్తాద్ తల వంచుకుని, "తప్పు నా చేతిదే," అన్నాడు. "ఈ పిలగాడు ఆగుమన్నంక గూడ నా చెయ్యి ఇంకింత గుంజి ఉంటది."

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆ బోల్టు ముక్క నా గుప్పిట్లోనే ఉంది. ఆయన చెయ్యి ఎక్కువ లాగలేదని ముల్లు చూసిన నాకు తెలుసు. ఒక్క మాట చాలు. ఆ ముక్కను జేబులో వేసుకున్నాను. అందరిముందూ నా సర్టిఫికెట్ పరువు పోతుందని భయం, అంతే. ఇంతకంటే గొప్ప కారణం ఏదైనా ఉందేమోనని ఇన్నేళ్లూ వెతికాను, దొరకలేదు.

ఉస్తాద్ ఎక్కడో పాత ఇంజన్ వెతికి తెచ్చి ఆ బండిని మళ్లీ నడిపించాడు. దానికి నెల పట్టింది. ఆ నెల్లాళ్లూ డ్రైవర్ యాకుత్‌పురా స్టేషన్లో మూటలు మోశాడు. సామాన్ల కోసం రాణిగంజ్ వెళ్లేటప్పుడు నేనెక్కే రైలు అక్కడ ఆగుతుంది. ఆ స్టేషన్ రాగానే పెట్టెలో రెండోవైపు తిరిగి కూర్చునేవాణ్ణి.

ఆ తరువాత ఉస్తాద్ బోల్టు బిగించలేదు. విప్పేవాడు, కిరోసిన్‌తో కడిగేవాడు, బిగింపు దగ్గరికి వచ్చేసరికి పానా నాకిచ్చి పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. తన చేతికి వయసొచ్చిందనేవాడు. టాక్సీ ఇంజన్ వస్తే నేను ముప్పై అయిదు దగ్గరే ఆపేవాణ్ణి, ఆయన చెయ్యి ఆగినచోట. అసలు అంకె కోసం మాత్రం వెతకలేదు. వెతికితే దొరుకుతుందని భయం. దొరకనంతకాలం, ఏమో, బోల్టులోనే లోపం ఉందేమో అనుకోవచ్చు.

ఏడాదిన్నర తరువాత ఒక ఆదివారం ఆబిడ్స్‌లో, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో అదే రిపేరు పుస్తకం ఇంకో ప్రతి కనిపించింది. దాటిపోదామనుకున్నాను. చేతులు వినలేదు, పేజీ తిప్పాయి. ముప్పై అయిదు. ఆనాడు ఉస్తాద్ చెయ్యి ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే. ఆ పుస్తకం కొని ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున దాచాను.

మర్నాడు పక్క షెడ్లకు వెళ్లి ఏదో వంక చెప్పి ఆ రెండు నోటుబుక్కులు అడిగి తీసుకుని అంకె దిద్దాను. రాసింది నేనే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. గోడ మీద మొదటి అయిదును గోకేసి, మూడు వేశాను. అది వంకరగా వచ్చింది. ఏం చేస్తున్నావని ఉస్తాద్ అడిగితే రంగు పెచ్చులూడిందని చెప్పాను.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం. అదే రకం టాక్సీ ఇంజన్ బల్ల మీద ఉంది. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి ఉస్తాద్ పానా పట్టుకుని ఉన్నాడు. కళ్లు మూసుకుని ఒక బోల్టు బిగించాడు. చెయ్యి ఆగింది. చూడమన్నట్టు తలాడించాడు. నేను రెంచి పెట్టాను. ముల్లు ముప్పై అయిదు మీద నిలబడింది, వెంట్రుకవాసి తేడా లేదు.

"సరిగ్గ ఉన్నది ఉస్తాద్," అన్నాను. అంకె చెప్పలేదు. ఆయన చదవలేడు గానీ విన్న అంకె మరిచిపోయే మనిషి కాదు.

ఆయన ముఖం ఒక్కసారి విచ్చుకుంది. అంతలోనే నుదురు ముడిపడింది.

"మరి ఆనాడు ఏమైనట్టు?"

అడిగింది నన్ను. ఆయన వెనక గోడ మీద నా వంకర మూడు కనిపిస్తూనే ఉంది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు.

"ఆ బోల్టులు పాతవి గావచ్చు ఉస్తాద్," అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "గాదు బిడ్డా. కొత్తవే. నేనే తెచ్చిన గదా." తన కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ఒకనాడు సరిగ్గ ఆగుతది, ఒకనాడు ఆగదు. గసుంటి చెయ్యిని నమ్మి ఒకరి బండి ఎట్ల పట్టుకోను? నువ్వే బిగించు."

పానా నా చేతిలో పెట్టి, వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు. మిగిలిన ఏడు బోల్టులూ నేను బిగించాను.