నేను గుమ్మంలో ఉండగా లోపల మాట్లాడిన నా గొంతు

సరిగ్గా కూర్చోవే చిన్నీ, ఇటు వెలుతురులోకి రా, నాయనమ్మ చెప్పేది ఒక్క ముక్క పోకుండా రాయి. మన సంఘ పత్రిక చదివే సహోదరులారా, సహోదరీలారా, మీరూ కాస్త నిదానంగా కూర్చుని వినండి, ఇది నా దేవుడు మా ఇంటికి చేసిన మేలు.

మా ఊరు కలిదిండి దగ్గరండి, చుట్టూ చేపల చెరువులు. మా కోడలు సువార్త చెరువు గట్టు మీద మేత బస్తా దించుతూ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది, కట్టు వేశారు, ఇంక ఇంట్లో కూర్చుని చేసే పని ఏదైనా ఉందేమోనని పొద్దస్తమానం ఫోన్‌లో వెతికేది. ఒకరోజు "అత్తయ్యగారండీ, దొరికిందండీ! వాళ్ళు పంపిన మాటలు ఫోన్‌లోకి చదివితే చాలంట, కంప్యూటరుకి తెలుగు నేర్పుతారంట, పెద్దవాళ్ళ గొంతయితే మరీ మంచిదంట, మనల్ని పైసా అడగట్లేదండి" అంది. పైసా అడగలేదు కదా అనే మేం మోసపోయాం! వాళ్ళు చెప్పిన యాప్ ఎక్కించుకుని, అది అడిగిన ప్రతిదానికీ సరేనని నొక్కింది, ఫోన్‌లో ఉన్న మనవాళ్ళ నంబర్లన్నీ అటు వెళ్ళిపోయాయని మాకేం తెలుసు!

స్త్రీల కూడికలో వాక్యం చదివేది నేనే కదండీ, ఆ మురిపెంతో నేనే గొంతిచ్చాను. మొదట్లో మామూలు మాటలే, భోంచేశావా, వాన పడుతోందా అని. రానురాను మాటలు మారాయి. సువార్త చూసి చెప్పేది, నేను పలికేదాన్ని. "నేనే, గుర్తుపట్టలేదా?" "ఎవరికీ చెప్పకు." "ఆలస్యం చెయ్యకు." ఆ మాట పలికాకండి, అవతల ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టనిపించింది. మర్నాటికి ఆ పనీ లేదు, ఇస్తామన్న కూలీ లేదు.

కొల్లేటికోటలో మా చెల్లెలు రాహేలు ఉంటుంది. రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరిపోయి, మనిషిని గొంతును బట్టే పోల్చుకునేది. ఆపరేషన్ కోసం బ్యాంకులో కాస్త దాచుకుంది, అది పోతే దాని చూపు పోయినట్టే. ఒక శనివారం పొద్దున్న చెప్పాపెట్టకుండా దాన్ని చూడ్డానికి ఆటో ఎక్కాను. కొల్లేటి మీద మంచు ఎంత దట్టంగా పట్టిందంటే, పక్కన నీళ్ళున్నాయో నేలుందో తెలియలేదు, కనపడని కొంగలు అరుస్తున్నాయి. దాని గుమ్మం ఎక్కబోతూ ఆగిపోయాను. లోపల నేను మాట్లాడుతున్నాను!

అవునండి, నేనే! నేనెప్పుడూ పలకని మాటలు, నా గొంతుతో! "రాహేలూ, ఇంట్లో కూర్చుని చేసే పనుంది, చూపుతో పనిలేదు, మాట్లాడితే చాలు. చేరాలంటే నీ కార్డు మీద అంకెలు కావాలి. ఎవరికీ చెప్పకు." రాహేలు మంచం మీద కూర్చుని, స్పీకరు పెట్టిన ఫోన్ పక్కన ఉంచుకుని, బ్యాంకు కార్డు కంటికి ఆనించుకుని ఉంది. పిలుద్దామని నోరు తెరిచాను, మాట రాలేదు, నా మాటలన్నీ ఆ ఫోనే వాడేసుకుంటున్నట్టు అనిపించింది.

"అలాగే అక్కా, నువ్వు ముందు ప్రార్థన చెయ్యి, అయ్యాక చెబుతాను" అంది రాహేలు. మనం చెరువులో చేపపిల్ల వదలాలన్నా ప్రార్థన లేకుండా వదలం కదండీ! ఫోన్‌లో నా గొంతు చల్లగా, "ప్రార్థన తర్వాత చేద్దాం, ముందు అంకెలు చెప్పు" అంది.

"తర్వాతా? మా అక్క బస్సెక్కితే దిగాల్సిన ఊరు దాటిపోయేదాకా ప్రార్థన ఆపని మనిషి! నువ్వెవరే?"

అప్పుడొచ్చింది నాకు మాట. "రాహేలూ!" అన్నాను. దానికి పాపం, అటొక అక్క, ఇటొక అక్క! "దగ్గరికి రాకు! నువ్వూ చెయ్యి ప్రార్థన, అక్కడే నిలబడి చెయ్యి!" అని అరిచింది. గుమ్మంలోనే కళ్ళు మూసుకున్నాను.

"ప్రభువా, మా అమ్మ పోతూపోతూ దీని చెయ్యి నా చేతిలో పెట్టింది, నీకు తెలుసయ్యా. నా గొంతు ఎవరెత్తుకుపోయినా నా మొర నీకు తెలుసయ్యా. దీని కళ్ళు కాపాడు తండ్రీ, మమ్మల్ని విడిపించు!"

అమ్మ మాట వినగానే రాహేలు గోడ తడుముకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. మేమిద్దరం ఏడుస్తుంటే మంచం మీంచి మళ్ళీ నా గొంతే, "రాహేలూ, ఉన్నావా?" అంది. కాసేపటికి అదే ఆగిపోయింది. దేవునికే మహిమ!

పోలీసులకి చెప్పాం, నేను చదివిన మాటలతోనే కంప్యూటరు నా గొంతు నేర్చుకుందన్నారు, ఆ యాప్ తీయించాం. రాహేలుకి ఆపరేషనూ అయింది, ఇప్పుడు నన్ను చూసి, ఇంత ముసలిదానివైపోయావేంటే అక్కా అని వెక్కిరిస్తోంది, ఎంత మంచి దేవుడండీ! కానీ ఇచ్చిన గొంతు తిరిగి రాదు, అది ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది. అందుకని పని వెతుక్కునే బిడ్డలారా, ఎవరో, ఏ ఊరో తెలియనివాళ్ళకి డబ్బే కాదు, మీ గొంతూ ముఖమూ కూడా ఇవ్వకండి, నొక్కేముందు ఇంట్లో నలుగురినీ అడగండి. నేను మీకు ఫోన్ చేసి ఏదైనా తొందర పెడితే పెట్టేసి, మనిషిని పంపి కనుక్కోండి. భయపడకండి, నన్ను విడిపించిన యేసయ్యని మీరూ నమ్ముకోండి, ఆయన తన బిడ్డల్ని ఎన్నడూ

"అత్తయ్యగారండీ, అన్నం వడ్డించేశాను, రండి!"

ఆ, వస్తున్నానమ్మా. చిన్నీ, గొంతయితే మీ అమ్మదే, పిలిచింది మీ అమ్మేనా? ఒకసారి పెన్ను అక్కడ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి చూసి