అంచు దగ్గర మిగిలింది

ఆ రోజు మధ్యాహ్నం నాకు పప్పు వాసన పడలేదు. చెప్పుకోవడానికి చిన్న విషయమే, కానీ నా పనే అది. కొండాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్యాంట్రీలో పదకొండేళ్లుగా టిఫిన్ డబ్బాలు వేడి చేస్తున్నాను. ఎవరి డబ్బా ఎంతసేపు పెట్టాలో, ఏది మధ్యలో తీసి కలిపి మళ్లీ పెట్టాలో నాకు తెలిసినంతగా ఆ ఇంజనీర్లకు కూడా తెలియదు. అలాంటిది, మైక్రోవేవ్ తలుపు తీయగానే కడుపులో తిప్పింది. కుడి పక్కటెముకల కింద బరువుగా ఉంది. గ్యాస్ అనుకుని మజ్జిగ తాగి పని చూసుకున్నాను.

రెండు వారాలైనా తగ్గలేదు. క్యాబ్ నడిపే మా ఆయన యాదగిరి ఒకరోజు పని మానుకుని నన్ను దవాఖానకు తీసుకెళ్లాడు. అల్ట్రాసౌండ్, రక్త పరీక్షలు, ఆ తర్వాత సీటీ స్కాన్. హెపటైటిస్ బి ఎప్పుడు వచ్చిందో ఏమో, నాకు తెలియకుండానే లివర్‌లో ఉండిపోయిందట. ఇప్పుడు అక్కడే ట్యూమర్.

"రెండున్నర సెంటీమీటర్లు ఉందమ్మా. మూడు లోపే కాబట్టి మైక్రోవేవ్ అబ్లేషన్ చేయొచ్చు" అన్నారు డాక్టరమ్మ. "సన్నటి నీడిల్ లోపలికి పంపి వేడితో కాల్చేస్తాం. మూడు దాటితే ఇంత బాగా పనిచేస్తుందని చెప్పలేను. ఆలస్యం చేయొద్దు."

మైక్రోవేవ్ అనగానే ముందు నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది.

"మేడం, ఓవెన్ల బువ్వ పెడితే సుట్టూ పొగలొస్తయి, నడుమ సల్లగనే ఉంటది. గిది గూడ గట్లనే అయితే?"

ఆమె రాస్తున్న కలం ఆపారు. "మంచి ప్రశ్న అడిగారు. ఇక్కడ దానికి వ్యతిరేకం. నీడిల్ నడుమనే ఉంటుంది కాబట్టి నడుమ బాగా కాలుతుంది. మాకు అనుమానమంతా అంచు మీదే. అందుకే నెలకు మళ్లీ స్కాన్ చేసి చూస్తాం."

ఆ అంచు మాటే నా మనసులో పడిపోయింది. మర్నాడు వంశీగారితో చెప్పాను. ఆయన మా ఫ్లోర్‌లో ఇంజనీరు, కాకినాడ మనిషి. రోజూ డబ్బా ఇస్తూ నాతో రెండు మాటలు మాట్లాడందే వెళ్లరు. ఫోన్‌లో వెతికి ఒక వార్త చూపించారు.

"ఇది చూడండి మణెమ్మగారూ. ఒక మందు ట్యూమర్‌లోకి పంపుతారటండి. మామూలుగా అదేమీ చేయదట. మైక్రోవేవ్ తగిలితేనే పనిచేసి క్యాన్సర్ కణాలను చంపుతుందట."

వేడి చాలని చోట మందు చూసుకుంటుందన్నమాట. అంచు కూడా మిగలదు. నాకు అదే కావాలని మొండికేశాను. డాక్టరమ్మకు కారణం చెప్పకుండానే అబ్లేషన్ వాయిదా వేయించాను. వంశీగారు ఆ పరిశోధన చేసేవాళ్లకు మెయిల్ పెట్టారు.

"ఏందే, డాక్టరమ్మ జల్ది రమ్మంటే నువ్వు ఫోన్ల జూసిన మందు కోసం కూసుంటవా?" అన్నాడు మా ఆయన.

"కొత్తది మంచిగుంటది. జర ఆగు, ఫికర్ జెయ్యకు."

ప్యాంట్రీలో కొత్త ఓవెన్ వచ్చిన ప్రతిసారీ పాతదానికంటే బాగుండేది. రోగానికీ అదే లెక్క వేశాను. నిజం చెప్పాలంటే నీడిల్ అంటే భయం. ఆ భయాన్ని తెలివి అనుకున్నాను.

ఏడు వారాలకు జవాబు వచ్చింది. ఆ మందును ఇంకా ఎలుకల మీదే పరీక్షిస్తున్నారు, మనుషులకు ఇవ్వడం లేదు. వంశీగారే చదివి వినిపించారు.

మర్నాడే సీటీ తీయించుకున్నాం. రెండు పాయింట్ తొమ్మిది.

"మూడుకు ఒక్క మిల్లీమీటరే తక్కువ" అన్నారు డాక్టరమ్మ. "నన్నడిగి ఉంటే ఆ మందు సంగతి ఒక్క నిమిషంలో చెప్పేదాన్ని. ల్యాబుల్లో మంచి పనే జరుగుతోంది. మీ ట్యూమర్ దాని కోసం ఆగదు కదమ్మా."

ఆ వారమే అబ్లేషన్ చేశారు. మత్తు దిగాక కుడి భుజం లాగేసింది, రెండు రోజులు జ్వరం. మామూలేనన్నారు. పది రోజులకు డ్యూటీలో చేరాను.

నెల తర్వాత స్కాన్‌లో అంచు దగ్గర కొంచెం మిగిలి ఉంది. వరండాలో అందరి ముందూ ఏడ్చాను. ఆలస్యం వల్లేనా అని అడిగితే, "పెద్దదైన కొద్దీ మిగిలే అవకాశం ఎక్కువ. దానివల్లేనని మాత్రం చెప్పలేను" అన్నారు. తర్వాత చిన్నగా నవ్వి, "మళ్లీ పెట్టి వేడి చేయడం మీకు కొత్తా?" అన్నారు. రెండోసారి అబ్లేషన్ జరిగింది.

అప్పటికే వంశీగారు ప్యాంట్రీకి రావడం మానేసి కింద క్యాంటీన్‌లో తింటున్నారు. తిరిగి డ్యూటీకి వచ్చిన రోజే ఆయన సీటు దగ్గరికి వెళ్లాను.

"నా వల్లేనండి" అన్నారు తలెత్తకుండా.

"మీరు సూపిచ్చిన్రు సారూ, ఆగింది నేను. రేపటి సంది డబ్బా తీస్కరండ్రి."

ఏడాదిన్నర అయింది. హెపటైటిస్ మాత్ర రోజూ వేసుకుంటున్నాను. మూడు నెలలకోసారి స్కాన్. ఇంతవరకు ఏమీ కనిపించలేదు. పూర్తిగా పోయిందని డాక్టరమ్మ అనరు, నేనూ అడగను.

నాలాంటివాళ్లకు ఒక్కటే చెప్పగలను. కొత్త వైద్యం గురించి వింటే మీ డాక్టర్‌నే అడగండి: "ఇది ఇవాళ నాకు ఇవ్వగలరా?" ఇవ్వలేమంటే, ఉన్న వైద్యానికి తేదీ తీసుకునే ఇంటికి రండి.

మొన్న వంశీగారు డబ్బా ఇస్తూ, అలాంటి వార్తే ఇంకొకటి చదివానన్నారు. ఫోన్ మాత్రం జేబులోంచి తీయలేదు.

"మంగళవారం మీ స్కాన్ కదండీ. నేనూ వస్తాను. డాక్టరుగారినే అడుగుదాం."